కడుగుటయు సాన పట్టుటయు: ఒక వీడియో క్రీడలోని అతిథి ఖండములపై విమర్శ

ఒకరు కల్పించిన కథను మరియొకరు గ్రహించి తమ రచనలో నిలుపుకొనుట సాహిత్యమునకు క్రొత్త కాదు. మన ప్రబంధకవులు పలువురు పురాణములలోని చిన్న కథను గైకొని, పెంచి, వర్ణనలతో నింపి తమదిగా చేసికొనిరి. ఇట్టి గ్రహణము ఎప్పుడు నూతన రచన యగును, ఎప్పుడు ఎరువు సొమ్ముగానే నిలిచిపోవును అను ప్రశ్నము ఆ కవులకును, ఆలంకారికులకును సుపరిచితమే. ఆ ప్రశ్నము నేడు ఎవరును ఎదురుచూడని తావున మరల తలయెత్తినది. యుద్ధము గాని, పందెము గాని లేక, మురికిని కడుగుటయే ఏకైక వ్యాపారముగా గల ఒక వీడియో క్రీడ, కొన్ని ప్రసిద్ధ కథల స్థలములను వాని స్వాములనుండి లైసెన్సు పొంది తనలో చేర్చుకొనుచు వచ్చినది. ఆ చేర్పులను పరీక్షించి, వానిలో ఏవి మూలకథకు క్రొత్త వెలుగు నిచ్చినవో, ఏవి ఇయ్యలేకపోయినవో, అందులకు కారణమేమో నిరూపించుట ఈ వ్యాసమున మా యుద్దేశము.

విశ్రాంతి కొరకు ఆడు ఆటకు ఇంత విచారణ యేల యని కొందరనవచ్చును. వినోదార్థము వెలసిన యక్షగానములును, వీథి నాటకములును, తోలుబొమ్మలాటలును విమర్శకు విషయములైనవే. కథ తాళపత్రమున నున్నను, రంగస్థలమున నున్నను, తెరపై నున్నను దానిని అడుగవలసిన ప్రశ్నలు మారవు. పైగా ఈ క్రీడలో కథాంశము స్వల్పము. చేయవలసిన పని ఒక్కటే. సామగ్రి తక్కువైన చోట గుణదోషములు మరుగుపడక స్పష్టముగా కనబడును.

క్రీడా స్వరూపము

ఆ క్రీడ పేరు 'పవర్‌వాష్ సిమ్యులేటర్'. ఇంగ్లండులోని బ్రైటన్ నగరమున గల ఫ్యూచర్‌ల్యాబ్ అను సంస్థ దీనిని నిర్మించినది. జపానుకు చెందిన స్క్వేర్ ఎనిక్స్ సంస్థ ప్రకటించినది. 2021 మే నెలలో అసంపూర్ణ రూపమునను, 2022 జూలై 14న సంపూర్ణ రూపమునను ఇది వెలువడినది. 2025లో రెండవ క్రీడయు వచ్చినది గాని, మా పరిశీలన మొదటిదానికే పరిమితము.

ఆటగాని చేతిలో నుండు ముఖ్యమైన పనిముట్టు ఒత్తిడితో నీటిధారను చిమ్ము యంత్రము. మన పట్టణములలో మోటారు వాహనముల సర్వీసింగు సెంటర్లయందు 'వాటర్ వాష్' చేయుటకు వాడు గొట్టము వంటిదే యిది. మకింగ్‌హామ్ అను కల్పిత పట్టణమున ఆటగాడు కడుగుడు పనివాడు. ఒక వ్యాను, ఒక ఇంటి పెరడు, పిల్లల ఆటస్థలము, ఇట్లు ఒకదాని వెంట నొకటిగా పనులు వచ్చును. నీటిధార వెడల్పును మార్చుటకు 0, 15, 25, 40 డిగ్రీల నాజిల్‌లు కలవు. ధార సన్నమైన కొలది బలము హెచ్చును. వెడల్పైన కొలది ఎక్కువ తావును కప్పును గాని మొండి మురికి వదలదు. కడుగవలసిన వస్తువు అనేక భాగములుగా విభజింపబడి యుండును. కిటికీ చట్రము, తలుపు రెక్క, మెట్టు, గొట్టము ఇట్టి వానిలో ఒక్కొక్కటి శుభ్రమైనంతనే తళుక్కుమని మెరసి, చిన్న గంట మ్రోగును. ఎన్నవ వంతు శుభ్రమైనదో శాతములలో తెలియుచుండును. వృత్తిపథమున గడువు లేదు, ఓటమి లేదు, నీటికి కొరత లేదు. పని ముగిసిన పిదప, తాను చేసినదంతయు కొన్ని క్షణములలో జరిగినట్లు ఆటగానికి తిరిగి చూపబడును.

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 39 దేశములకు చెందిన 8,695 మంది ఆటగాండ్ర మనఃస్థితిని ఈ క్రీడ ఆడుచుండగనే పరిశీలించి, ఆటలో సుమారు 72 శాతము మందికి మనస్సు కొంత తేరుకొను సంభావ్యత కలదని తేల్చిరి. ఆ మార్పు పరిమాణమున చిన్నదే. ఇందలి విశ్రాంతి యేర్పడు విధము కూడ సులభముగనే బోధపడును. ఫలము సంశయాస్పదము కాదు. ప్రతి ప్రయత్నమునకును కంటికి కనబడు ఫలము వెంటనే కలుగును. అభినవగుప్తుడు రసానుభవమును విశ్రాంతిగా పేర్కొనినాడు గాని, ఆ విశ్రాంతి వేరు. అది భావములను చర్వణము చేసిన పిదప హృదయము పొందు నిలుకడ. ఇది భావములను తాత్కాలికముగా దూరముంచుటవలన కలుగు నెమ్మది. ఒక ప్రసిద్ధ కథ ఈ రెండవ విశ్రాంతిలోనికి అతిథిగా ప్రవేశించినప్పుడు దాని భావసంపద యేమగును? మా విచారణకు మూలమిదియే.

అతిథి ఖండముల క్రమము

ఇతర కథలనుండి వచ్చిన ఈ చేర్పులను మేము 'అతిథి ఖండము'లందుము. 2023 జనవరి 31న మొదటిది వచ్చినది. అది 'టూమ్ రైడర్' నాయిక లారా క్రాఫ్ట్ నివసించు భవనము. అదే సంవత్సరము మార్చిలో 'ఫైనల్ ఫాంటసీ 7' కథాస్థలమగు మిడ్‌గార్ నగర ఖండమును, జూన్‌లో సముద్రగర్భమున నివసించు స్పాంజ్‌బాబ్ ఖండమును, నవంబరులో 'బ్యాక్ టు ది ఫ్యూచర్' చిత్రముల ఖండమును వెలువడినవి. 2024 ఫిబ్రవరిలో 'వార్‌హామర్ 40,000', జూలైలో 'ఆలిస్' అద్భుత లోకము, అక్టోబరులో 'ష్రెక్', 2025 మార్చిలో 'వాలెస్ అండ్ గ్రామిట్' వచ్చినవి. మొత్తము ఎనిమిది.

వీనిలో మొదటి రెండును ఉచితములు. తక్కినవి వెల చెల్లించి కొనవలసినవి. మిడ్‌గార్ కథ ప్రకాశకుల సొంత ఆస్తి. 'టూమ్ రైడర్' కూడ 2022 వరకు వారి చేతిలోనే యుండి, ఆ సంవత్సరముననే వేరొక సంస్థకు అమ్ముడుపోయినది. అనగా తొలుత వచ్చిన అతిథులు ఇంటివారును, ఇంటినుండి ఇటీవలనే వెడలినవారును. తరువాతి వారు పరాయివారు.

అన్ని ఖండములకును సమానమగు లక్షణమొకటి కలదు. కథాస్థలమున్నది, వాహనములున్నవి, యంత్రములున్నవి. నాయకుడు మాత్రము రంగమున ప్రవేశింపడు. పాత్రల పలుకులు ఆటగానికి వ్రాతపూర్వకములగు చిన్న సందేశములుగా వచ్చును. నాటకము ముగిసి, నటులు వెడలిన పిదప రంగస్థలమును తుడుచువాని స్థితి ఆటగానిది. ఆలంకారిక పరిభాషలో ఆలంబన విభావము తొలగి, ఉద్దీపన విభావము మాత్రమే మిగిలినదన్నమాట. రసము పుట్టవలెనన్నచో ఆ వస్తువులే మాటలాడవలెను.

ప్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రము

ఇతివృత్తమును ప్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రము అని మూడుగా విభజించుట లాక్షణికుల సంప్రదాయము. రామరాజభూషణుడు వసుచరిత్రమున ఈ మూటిని రత్నములతో పోల్చి తారతమ్యమును నిర్ణయించెను. కవి కేవలము ఊహించిన కథ చేతితో చేసిన రత్నము వంటిదనియు, పురాతన కథ గనిలో పుట్టినట్లే యున్న రత్నము వంటిదనియు, పూర్వకథకు కవి కల్పన తోడైనప్పుడు అది సాన తీరిన మేలి రత్నమగుననియు ఆయన భావము.

అతిథి ఖండము ఈ విభాగముననుసరించి మిశ్రము. లారా క్రాఫ్ట్ భవనము ప్రఖ్యాతము. దానిని కడుగ వచ్చిన మకింగ్‌హామ్ పనివాడు ఉత్పాద్యము. ఇంతమాత్రమున ఇది సాన తీరిన రత్నమగునా? ఉపమానమును కొంత లోతుగా పరిశీలింపవలెను. గనినుండి తీసిన రాతికి మన్ను అంటియుండును. మొదట దానిని నీటితో కడుగుదురు. మన్ను పోవును, రాయి బయల్పడును. రాతిలో మార్పు లేదు. పిదప సాన పట్టుదురు. అప్పుడు రాతిలోనే కొంత భాగము అరిగిపోవును. ఆ నష్టమువలననే పలకలు తేలును, వెలుగు పలు దిక్కుల ప్రసరించును. కడుగుట ఉన్నదానిని చూపును. సాన పట్టుట లేనిదానిని కల్పించును. వసుచరిత్రకారుడు మెచ్చినది రెండవదానిని.

లైసెన్సు పొందిన కథ విషయమున చిక్కంతయు ఇక్కడనే యున్నది. కథాస్వామి తన సొత్తును కడుగుటకు అనుమతించును. అరగదీయుటకు సామాన్యముగా అనుమతింపడు. కడుగుడు క్రీడయు అంతే కోరును. నూటికి నూరు పాళ్లు పూర్తియైనప్పుడు మిగులునది, కథాస్వామి యంగీకరించిన నమూనాయే. ఆటగాడు తన గుర్తును దానిపై విడువలేడు. విడిచినచో పని అసంపూర్ణమగును. కావున ఈ రెండింటి చెలిమి సహజమే గాని, అందు ప్రమాదమును కలదు. అతిథి ఖండము కథకు వ్యాఖ్యానము కాక, కథ పేరును తళతళలాడించు ప్రకటనగా మాత్రమే మిగిలిపోవచ్చును. దీనినుండి తప్పించుకొనుటకు మార్గమొక్కటే. మూలకథలో మురికికో, కడుగుటకో ముందే ఒక అర్థముండవలెను. ఉన్నచో నీటిధార ఆ యర్థమును తాకి, కడుగుడే సానగా పరిణమించును. లేనిచో నీరు పైపైననే జారిపోవును. ఈ గీటురాతిపై ఎనిమిది ఖండములను పరీక్షింతము.

మురికికి కథలో గల తావు

'టూమ్ రైడర్' తొలి క్రీడ 1996లో వచ్చినది. అందు నాయిక భవనము ఆటగాడు నడకయు దూకుడును నేర్చుకొను అభ్యాసశాల. 1997లో వచ్చిన రెండవ క్రీడలో పళ్లెము చేతబూని నాయికను వెన్నంటి తిరుగు వృద్ధ సేవకుడు చేరినాడు. ఆయనను శీతల గదిలోనికి నడిపించి తలుపు వేసి నవ్వుకొనుట ఆనాటి ఆటగాండ్రలో ప్రసిద్ధమైన చిలిపి చేష్ట. పాతిక సంవత్సరముల పిదప అదే భవనమునకు ఆటగాడు తిరిగి వచ్చినాడు. ఈ మారు యజమానురాలి హోదాలో కాక, సేవకుని వరుసలో. ఆమె దూకిన గోడలను, ఎక్కిన మెట్లను, నడపిన వాహనములను తాను కడుగవలెను. చూపు మారినది. ఇది యీ క్రీడ తనంతట తాను కథకు చేర్చిన కల్పన. తక్కిన ఖండములన్నింటికిని పునాది. వీరకథలలో లెక్కకు రాని పనివాడు ఇచట ఏకైక కర్త. ఐనను క్రాఫ్ట్ భవనమున మురికికి ప్రత్యేకార్థము లేదు. ఇల్లు చాలకాలము పట్టించుకొనకుండ నున్నది, అంతియే. దృష్టికోణము నూతనము, వస్తువు సామాన్యము.

మిడ్‌గార్ ఖండము ఇంతకంటె గంభీరమైనది. 1997లో వచ్చిన 'ఫైనల్ ఫాంటసీ 7' క్రీడలో షిన్రా అను విద్యుత్ సంస్థ భూగర్భమునుండి ప్రాణశక్తిని తోడి నగరమునకు వెలుగు నిచ్చుచుండును. ధనికులు ఎత్తైన పలకలపైనను, పేదలు వాని క్రింది మురికివాడలలోను నివసింతురు. 'సెవెన్త్ హెవెన్' అను మద్యశాల ఆ వాడలోనిది. దాని క్రింద తిరుగుబాటుదారుల రహస్య స్థావరము. కథలో షిన్రావారు పైనున్న పలకనే ఆ వాడపై కూల్చివేయుదురు, మద్యశాల నుగ్గగును. అతిథి ఖండమున ఆటగాడు ఈ మద్యశాలను కడుగును. షిన్రావారి యుద్ధయంత్రములగు స్కార్పియన్ సెంటినెల్‌ను, ఎయిర్‌బస్టర్‌ను కడుగును. వారి శక్తి ప్రదర్శనశాలనును కడుగును.

కథ నెరిగిన ఆటగానికి ఇచట రెండు భావములు ఒకేమారు కలుగును. తాను ఓర్పుతో శుభ్రపరచుచున్న మద్యశాల పలకలు రేపు నిలువవని యెరిగి కడుగుట యొకటి. తన నీటిధారకు పీడితుని గుమ్మమును, పీడకుని ఆయుధమును సమానమే యగుట మరియొకటి. కూలివానికి పక్షము లేదు. పని వచ్చినచోటికి పోవును. విశ్రాంతి క్రీడ ఇంతటి విషమార్థమును మోయగలదని మేము మొదట తలపలేదు. ఒక్క అక్షరమైన మార్పక, కేవలము పనుల యెంపికచేతనే ఈ ఖండము మూలకథకు క్రొత్త పలక దీర్చినది. ఇది సాన. కథ ప్రకాశకుల సొంతమగుటవలన ఇట్టి యెంపిక సులభమైనదేమో గాని, ఎంపికలోని ఔచిత్యము ప్రశంసనీయమే.

స్పాంజ్‌బాబ్ ఖండము వేరొక తెరువు. ఈ చిత్రకథ 1999లో అమెరికా టెలివిజనులో ప్రారంభమైనది. సృష్టికర్త స్టీఫెన్ హిల్లెన్‌బర్గ్ మొదట సముద్ర జీవశాస్త్ర బోధకుడు. కథ జరుగు తావు సముద్రపు అడుగు. నీటి యడుగున నీటితో కడుగుట యెట్లు? అనౌచిత్యమే హాస్యమునకు మూలమని ఆలంకారికులు చెప్పిరి. ఈ చిత్రకథలో సముద్రపు అడుగునను ఒక సముద్ర తీరముండును; అట్టి పొసగని సంగతులే దాని ప్రాణము. కావున నీటిలో నీటిధార ఇచట దోషము కాదు, ఆ కథాలోకపు హాస్యమునకు అనుగుణమైన గుణమే. మురికి కథలోనిది కాకపోయినను, కడుగుట కథాలోకపు హాస్యములోనిదైనది.

'బ్యాక్ టు ది ఫ్యూచర్' తొలి చిత్రము 1985 నాటిది. హిల్ వ్యాలీ పట్టణపు గడియార స్తంభముపై 1955 నవంబరు 12 రాత్రి 10 గంటల 4 నిమిషములకు పిడుగు పడి గడియారము నిలిచిపోవును. ముప్పది సంవత్సరముల పిదప దానిని మార్చవలెనని నగరాధ్యక్షుడును, చరిత్ర చిహ్నముగా ఉన్నదున్నట్లే యుంచవలెనని పరిరక్షణ సంఘమువారును వాదులాడుదురు. ఈ వివాదము కడుగువానికి సూటిగా తగిలెడిది. పురాతన కట్టడమును శుభ్రపరచుట రక్షణయా, చరిత్రను చెరుపుటయా? పాత దేవాలయములకు సున్నము కొట్టి శాసనములను, శిల్పములను మరుగుపరచిన ఉదంతములను చూచిన మనకు ఈ ప్రశ్నము దూరము కాదు. ఖండమున గడియార స్తంభము కలదు. ప్రశ్నము మాత్రము లేదు. స్తంభము మురికిపట్టినది, స్తంభము శుభ్రమైనది. చేతికందిన పలకను సాన పట్టక విడిచిన తావిది.

'వార్‌హామర్ 40,000' ఇంగ్లండులోని గేమ్స్ వర్క్‌షాప్ సంస్థ 1987లో వెలువరించిన బల్లమీది యుద్ధక్రీడ. చిన్న ప్రతిమలను కొని, అతికి, స్వయముగా రంగులు వేసికొనుట దానిలో పెద్ద భాగము. ప్రతిమలకు పలుచని ముదురు రంగు పూసి, మూలలందు నీడ కల్పించు ప్రక్రియకు ఆ కళాకారులలో 'వాష్' అని పేరు. బురద, త్రుప్పు, మసి సహజముగా తోచునట్లు చిత్రించుట వారికి గొప్ప నేర్పు. అనగా ఒక లోకమున వాష్ అనగా మురికి పట్టించుట. ఈ క్రీడలో వదల్చుట. ల్యాండ్ రైడర్ శకటమును, ఇంపీరియల్ నైట్ యంత్రమును కడుగు అభిమాని, తాను గంటల తరబడి చేసిన పనికి విలోమ క్రియను ఆచరించుచున్నాడు. అదియునుగాక ఆ కథాలోకమున యంత్రమునకు ఆత్మ కలదను విశ్వాసము, యంత్ర పురోహితులు పరిచర్యను పూజవలె జరుపు ఆచారము కలవు. అందువలన కడుగుట ఇచట వట్టి కూలిపని కాక అభిషేక తుల్యమగుచున్నది. నిరంతర యుద్ధ కథలో శాంతమునకు దొరకిన ఒక్క తావిది.

'ష్రెక్' ఖండమున విపర్యయము కలదు. 2001 చిత్రపు నాయకుడు బురదలో స్నానము చేయు రాక్షసుడు. చిత్తడి నేలయే అతని స్వర్గము. అతనికి ప్రతినాయకుడగు ఫార్క్వాడ్ ప్రభువు ఏలు డ్యూలాక్ నగరము మచ్చలేని శుభ్రతకు పేరొందినది. ఆ శుభ్రత కొరకే కథలలోని విచిత్ర జీవులను అతడు వెడలగొట్టి రాక్షసుని నేలపైకి తరుమును. చిత్రమున శుభ్రత యనగా నిరంకుశత్వము, మురికి యనగా స్వేచ్ఛ. ఇట్టి కథ కడుగుడు క్రీడకు అతిథియగుట ప్రమాదకరమైన ఆహ్వానము. ఆటగాడు రాక్షసుని నేలను కడుగును, డ్యూలాక్‌నును కడుగును. సందేశములలో ఏ కారణము చెప్పినను, చేతిలోని క్రియ మాత్రము ప్రతినాయకునిదే. చిత్తడి నేలలో చివరి మరక పోయి గంట మ్రోగినప్పుడు ఫార్క్వాడ్ గెలిచినట్లే. ఈ వైరుధ్యమును హాస్యముగా మలచవలెనన్నచో, కడుగరాని మురికి యొకటి యుండవలెను. కొంత విడిచినప్పుడే పని పూర్తికావలెను. నూరు శాతము అను నియమము దానికి అడ్డు. మూలకథ యర్థమును నీటిధార తొలచి, దాని స్థానమున మరియొక యర్థమును నిలుపలేని తావుగా దీనిని మేము పరిగణింతుము.

వాలెస్, గ్రామిట్ అను మనుజ శునకముల కథలు బ్రిస్టల్‌లోని ఆర్డ్‌మన్ సంస్థవారి మట్టి బొమ్మల చిత్రములు. మొదటిది 1989 నాటిది. 1995 నాటి చిత్రమున వీరిరువురును కిటికీలు కడుగు వృత్తి చేపట్టుదురు. కావున ఈ అతిథులు కడుగువానికి సహోద్యోగులు. పొత్తు సహజముగా కుదిరినది. కాని ఆ చిత్రములలో బొమ్మల మేనిపై కళాకారుల వ్రేలిముద్రలు అక్కడక్కడ కనబడుచుండును. ప్రేక్షకులు వానిని లోపముగా గాక హస్తకళకు సాక్ష్యముగా ప్రేమింతురు. కడుగరాని మరక యనునది ఒకటి కలదని ఆ చిత్రములు మనకు నేర్పుచున్నవి.

స్వామి లేని కథ

ఎనిమిదింటిలో 'ఆలిస్' ఖండము ప్రత్యేకమైనది. లూయీ కారొల్ గ్రంథము 1865 నాటిది; దానిపై హక్కులు ఏనాడో ముగిసినవి. ఇది అతిథియే గాని లైసెన్సు అతిథి కాదు. ఐనను దీనికిని వెల కలదు. కావున వెల కథాస్వామి హక్కుతోనే కూడినది కాదని గ్రహింపవలెను. శ్రమకును వెల యుండును.

ఆ గ్రంథమున తేనీటి విందు ఘట్టము సుప్రసిద్ధము. కాలపురుషునితో కలహము వచ్చినందున టోపీవానికి ఎల్లప్పుడును సాయంకాలము 6 గంటలే. ఎప్పుడును తేనీటి వేళయే యగుటచే పాత్రలను కడుగుకొను వ్యవధి వారికి లేదు. అందుచే మైలపడిన పాత్రలను విడిచి, బల్ల చుట్టు ఒక్కొక్క స్థానము ముందునకు జరుగుచుందురు. చుట్టు పూర్తియైనప్పుడు ఏమగునని ఆలిస్ అడుగగా, వారు మాట మార్చుదురు. కడుగుట లేకపోవుటయే ఆ ఘట్టమునకు మూలకారణము. కడుగువాడొకడు వచ్చినచో ఆ చక్రము నిలిచిపోవును.

అతిథి ఖండమున విందు బల్లయున్నది, కడుగువాడు వచ్చినాడు. గ్రంథము 1865లో సమాధానము చెప్పక విడిచిన ప్రశ్నమునకు ఒక పనివాని చేయి సమాధానము చెప్పుచున్నది. ఇంతకు మించిన ఔచిత్యము తక్కిన యేడింటిలో లేదు. మూలకథకు భంగము లేదు. మూలకథలో లేని యర్థము పుట్టినది. స్వామి లేని కథయందే కడుగుడు పూర్తిగా సానయైనదనుట యాదృచ్ఛికమా? ఇందుకు గ్రంథగుణము ముఖ్యకారణమేయైనను, మేము దీనిని కేవలము యాదృచ్ఛికమని అంగీకరింపజాలము. మన పురాణకథలకు కథాస్వామి లేకపోవుటచేతనే వసుచరిత్రము, మనుచరిత్రము సాధ్యమైనవి. పురాణకర్త వద్దకు పోయి, నాయికను ఇట్లు వర్ణింతును, అంగీకరింతురా యని అడుగవలసి వచ్చినచో ప్రబంధయుగము పుట్టియుండదు.

ఇట్లనుటవలన రచయితల హక్కులను మేము నిరాకరించుచున్నామని తలపరాదు. జీవించియున్న కల్పకునికి తన కల్పనపై అధికారముండుట న్యాయము. ఐతే ఒక కథ ఒక తరము బాల్యమున పెనవేసికొనిపోయిన పిదప దానికి రెండు స్వత్వములేర్పడును: పత్రములలో వ్రాయబడినది యొకటి, హృదయములలో వ్రాయబడినది మరియొకటి. అతిథి ఖండము రెండవదానిని మొదటిదాని ద్వారమున మరల అమ్ముచున్నది. అమ్మకము దోషము కాదు. కొనినవానికి తన జ్ఞాపకమే మెరుగుపెట్టి తిరిగి యిచ్చుచున్నారా, దానికి క్రొత్త పలక యొకటి చేర్చి యిచ్చుచున్నారా అనునదే విమర్శకుడు అడుగవలసిన ప్రశ్నము.

పనివాని స్థానము

మరియొక మాట చెప్పక విడువరాదు. మన దేశమున కడుగుడు పని, పాకీ పని కులముతో ముడివడిన చరిత్ర గలవి. చేయువారికి అవి విశ్రాంతి కావు. ఈ క్రీడలో దుర్వాసన లేదు, నడుము నొప్పి లేదు, బాకీపడిన కూలి లేదు, నీటి కరవు లేదు. ఈ నాల్గింటిని తొలగించినందుననే పని ఆటయైనది. దీనిని క్రీడాకర్తల దోషముగా మేము గణింపము. రైతు కష్టమును విడిచి పల్లెను వర్ణించిన కవులు మనకును కలరు. కాని ఈ క్రీడలో ఒక న్యాయము కూడ కలదు. ప్రపంచ ప్రసిద్ధ నాయకుల యిండ్లను, రథములను, ఆయుధములను వారి వైపునుండి గాక వానిని తుడుచు చేతి వైపునుండి చూపినది. వీరుడు లేని వేళ ఆ యింట మిగులునది పనివాడే యని లక్షల మంది ఆటగాండ్రు నీటిధార వెనుక నిలిచి తెలిసికొనుచున్నారు. ఆ తెలివిడిని మాటలలో పెట్టుకొనకపోయినను, వారి చేతులు దానిని ఎరుగును.

ఉపసంహారము

మా నిర్ణయమిది. అతిథి ఖండము గొప్పతనము అతిథి ప్రసిద్ధిపై ఆధారపడదు. అతిథి కథలో మురికికి, కడుగుటకు గల తావుపై ఆధారపడును. ఆ తావును గుర్తించి పనులనెంచిన మిడ్‌గార్, వార్‌హామర్, ఆలిస్ ఖండములు ఉత్తమములు. వానిలో ఆలిస్ విందు ఘట్టము అగ్రగణ్యము. స్పాంజ్‌బాబ్, వాలెస్ ఖండములు కథాలోక స్వభావమునకు ఒదిగి మధ్యమములైనవి. క్రాఫ్ట్ భవనము దృష్టికోణముచేతను, గడియార స్తంభము వస్తువుచేతను ఆశ కల్పించి సగమున నిలిచినవి. ష్రెక్ ఖండము తన కథకే ఎదురునడచినది.

ఇక ముందు ఇట్టి ఖండములను కూర్చువారు స్వామిని అడుగుటకు ముందు కథను అడుగవలెను: నీలో మురికి యెక్కడ నున్నది, దానిని ఎవరు చేసిరి, అది పోయినచో ఎవరికి లాభము, ఎవరికి నష్టము? ఈ ప్రశ్నలకు బదులు పలుకు కథయే ఈ క్రీడకు తగిన అతిథి. పలుకని కథను ఎంత కడిగినను అది గనినుండి వచ్చిన రాయిగనే యుండును. శుభ్రముగా నుండును గాని, వెలుగును విరజిమ్మదు.